గీత

మొగుళ్లపల్లి హైస్కూల్ల ఆరో తరగతి.
రేకుల కప్పు ఎండకు టక్కుటక్కుమంటుంటే
తాజొద్దీన్ సారు బోర్డు మీద అడ్డంగ ఓ గీత గీసిండు.
ఆ కొసకు పదివేల ఏండ్ల కిందటి రోజులు,
ఈ కొసకు మనం.
నడుమ చాక్‌పీసుతోని పొడిచి
"ఇగో, ఇక్కడ మనిషి గింజను దాచిండు.
ఇక్కడ్నే మేకను మచ్చిక చేసిండు" అన్నడు.

పుస్తకంల బొమ్మ ఉంది.
గడ్డపాయన, చేతిల బడిసె,
కాళ్లకాడ బుద్ధిమంతురాలు మేకపిల్ల.
ఎనక ఎక్కడో ఓ ఆడమనిషి ఏదో దంచుతుంది.
ఆమె దాక వచ్చేసరికి
సిరా అయిపోయినట్టుంది.

"మచ్చిక అంటే ఏందిరా?"
ఎనక బెంచీల ఓదెలు లేచిండు.
వాడు లేస్తే గదంత మంద వాసన.
అందరు ముక్కు మూసుకున్నరు. నేను సుత.

"తల్లి సచ్చిన పిల్లను
ఇంకో గొర్రె దగ్గరికి రానియ్యది సార్.
ఈనిన గొర్రె మాయనీళ్లు పిల్ల ఒంటికి పుయ్యాలె,
రెండిట్ని సీకట్ల పట్టుకోని కూసోవాలె.
మొదటి రాత్రి తంతది.
రెండో రాత్రి వాసన చూస్తది.
మూడో రాత్రి మా అమ్మకు కునుకు పడ్తది,
గొర్రె పిల్లను నాకుతది.
గంతే సార్."

సారు శానాసేపు ఏం రాయలే.
తర్వాత పుస్తకంల ఉన్నదే రాపిచ్చిండు,
మేం రాసుకున్నం.

ఇంటిపని: మీ ఇంట్ల దాచిన విత్తనం తెండి.
తెల్లారి బల్ల మీద
పత్తి పాకిట్ల ఖాళీ కవర్లు పన్నెండు.
ఒకదాని మీద పులి,
ఒకదాని మీద సినిమా హీరో లెక్క నవ్వే రైతు.
అట్ల నవ్వే రైతును మా ఊర్ల నేను చూడలే.
"దాచేటియి కావు బిడ్డా గియి, ఏటేటా కొనుడే"
అన్నది మా అమ్మ, గోర్ల సందుల మట్టి తీసుకుంట.

నాయనమ్మ ఒక్కతే
అటుక మీది ఆనిగెపు బుర్ర దించింది.
బూడిదలకెల్లి పచ్చజొన్నలు ఏరి
గుడ్డల మూట కట్టి ఇచ్చింది.
"సారుకు సూపెట్టు, మల్ల తే.
లెక్కపెట్టిన్నే, అరవై రెండు."

సారు లెక్కపెడితే అరవై ఒకటి.
తొవ్వల ఒకటి నేను నమిలిన.
చలిబువ్వ మీద ఉప్పు లెక్క ఉండె.
ఆ మసక బొమ్మల ఆమె సుత
ఆకలి కడుపుతోని మూట కట్టుకుంట
ఒకటి నమిలే ఉంటదని
అప్పుడు నాకు ఎందుకో అనిపించింది.

వరికోతలైనంక ఓదెలు బడికి రాలే.
సారు రోజూ పేరు పిలుస్తుండె,
రోజూ ఎవరో ఒకరు "గొర్లు సార్" అంటుండె.
పరీక్షల అడిగిన్రు:
పశుపోషణ మానవ జీవితాన్ని ఎలా మార్చింది? నాలుగు మార్కులు.
నేను రాసిన: మనిషి తిరుగుడు మాని
ఒక్కచోట స్థిరపడ్డడు.
నాలుగుకు నాలుగు పడ్డయి.
గప్పుడు మంథని అవతల ఎవరి మడిల్నో
మంద చుట్టు వల కట్టి
చలికి గొంగడి కప్పుకున్నడేమో ఓదెలు.

మోదుగుపూలు రాలంగ వచ్చిండు,
కాళ్లు పగిలి, గొంతు మారి.
"సార్, గా గీత మల్లొకసారి గీయుండ్రి."
సారు గీసిండు.
"ఇండ్ల నేనేడున్న?"
సారు ఆలోచన చేసి
చాక్‌పీసు వాని చేతికిచ్చిండు.

వాడు చుక్క పెట్టలే.
మనం ఉన్న కొస కాడ పట్టుకొని
గీతను బోర్డు దాటిచ్చిండు, సున్నం గోడకెక్కిచ్చిండు,
కిటికీ కింది నుంచి, పటాల కింది నుంచి.
"ఆపురా!" అన్నడు సారు. ఒక్కసారే అన్నడు.
తలుపు చెక్క మీదికి పొయ్యేసరికి
చాక్‌పీసు అరిగి వేలు గీసుకుంది.

హెడ్మాస్టరు తిట్టిండు.
తడిబట్టతోని తుడిసే పని నాకు పడ్డది.
గోడంత తుడిసిన.
తలుపు కాడిది మాత్రం
ఇంటర్‌బెల్లు కొట్టిన్రని ఇడిసిపెట్టిన.